రేకుల మీద వాన, సంద్రపు హోరు

గత చలికాలంలో నా మిత్రుడొకడు తీసిన పదకొండు నిమిషాల లఘుచిత్రానికి నేను నేపథ్య సంగీతం సమకూర్చాను. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఒక పెద్దావిడ రోజు ఎలా మొదలై ఎలా ముగుస్తుందన్నదే అందులోని కథ. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే తొలి దృశ్యంలో, రికార్డు చేసిన సముద్రపు శబ్దానికి బదులుగా సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద తయారుచేసిన అలల హోరును వాడితే, ఆ హోరు ఎక్కడ ముగిసి సంగీతం ఎక్కడ మొదలైందో తెలియకుండా చేయవచ్చునని నేను అనుకున్నాను. చిత్రం పూర్తయ్యాక ఆ పెద్దావిడ ఇంటికే వెళ్లి, లాప్‌టాప్‌కు రెండు స్పీకర్లు తగిలించి చూపించాము. తెర మీద తనను తాను చూసుకుని ఆవిడ ఎంతో సంబరపడ్డారు గాని, పడవల దృశ్యం వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం చెవి ఒగ్గి, "ఇదేటి బాబూ, సంద్రమా? రేకుల మీద వాన పడతన్నట్టుంది" అన్నారు.

మిత్రుడు ఏదో సర్దిచెప్పబోయాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అరవయ్యేళ్లుగా ఆ గట్టు మీద బతుకుతున్న చెవి అది; దానితో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు.

సింథసైజర్ మీద అలలను తయారుచేయాలనుకునే ప్రతివారూ మొదట వైట్ నాయిస్ దగ్గరికే వెళతారు. మనకు వినిపించే పౌనఃపున్యాలన్నీ సమానమైన బలంతో ఒకేసారి మోగితే వచ్చే 'హిస్స్' మనే శబ్దం అది. పాత రేడియోలో స్టేషన్ల మధ్య వినిపించేదానికి దగ్గరగా ఉంటుంది. దాన్ని ఒక లో-పాస్ ఫిల్టర్ గుండా పంపి, పైస్థాయి పౌనఃపున్యాలను కోసివేసి, ఆ కోత ఎక్కడ పడాలన్నదాన్ని ఒక ఎల్‌ఎఫ్‌ఓ చేత, అంటే చెవికి వినబడనంత నెమ్మదిగా ఊగే మరొక తరంగం చేత, పైకీ కిందికీ నడిపిస్తే శబ్దం పొంగుతూ తగ్గుతూ ఉంటుంది. నేను కూడా అదే చేశాను. ఎనిమిది సెకన్లకొక ఊపు పెట్టాను. అది పొంగింది, తగ్గింది, మళ్లీ అంతే పొంగింది, అంతే తగ్గింది. వాన రేకుల మీద పడేటప్పుడు వేల చినుకుల దెబ్బలు కలిసి ఒకే మందంతో, ఒకే రంగుతో సాగిపోతాయి. గాలి వీచినప్పుడు జడి కాస్త హెచ్చి తగ్గుతుంది, అంతే. నా అలలో కూడా జరిగింది సరిగ్గా అదే.

ఆ మర్నాటి నుంచి వారం రోజుల పాటు సాయంత్రం పూట ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి ఎదురుగా ఇసుకలో కూర్చుని, ఫోనులోని స్టాప్‌వాచ్ పెట్టుకుని అలలను లెక్కపెట్టాను. ఒక అల విరగడానికీ తరువాతిది విరగడానికీ మధ్య ఒకసారి ఏడు సెకన్లు పట్టేది, ఒకసారి పదకొండు. కొన్నిసార్లు రెండు అలలు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి కలిసి విరిగేవి. అంతకన్నా ముఖ్యమైన విషయం, ఒక్క అలలోనే మూడు శబ్దాలు ఉన్నాయి. అల లేచేటప్పుడు కడుపులో తెలిసే గుమ్మనే మూలుగు ఒకటి, విరిగేటప్పుడు ఒక్కసారిగా తెల్లగా పగిలే శబ్దం మరొకటి, నీళ్లు ఇసుక మీదుగా వెనక్కి జారిపోయేటప్పుడు నురగ బుడగలు చిట్లుతూ చేసే సన్నని చిరచిర మూడవది. ఈ మూడో శబ్దం లేకపోతే ఒడ్డు ఉన్నట్టే తోచదు. నేను దాన్ని పూర్తిగా వదిలేశాను.

ఇంటికి వచ్చి మూడు పొరలుగా మళ్లీ కట్టాను. అడుగున 150 హెర్ట్‌జ్‌కు లోపలి నాయిస్, మధ్యలో విరిగే శబ్దం, పైన 3 కిలోహెర్ట్‌జ్‌కు ఎగువన మాత్రమే ఉండే సన్నని చిరచిర. విరిగే శబ్దానికి ఎన్వలప్‌లో, అంటే శబ్దం ఎలా లేచి ఎలా తగ్గాలో నిర్ణయించే అమరికలో, ఆరంభం చురుకుగా పెట్టి, ఫిల్టర్ మాత్రం శబ్దం కన్నా ముందే మూసుకునేలా చేశాను. ఎందుకంటే అల విరిగిన మరుక్షణం మొదట పోయేది తెలుపు, ఆ తరువాతే బలం తగ్గుతుంది. ఒక ఎల్‌ఎఫ్‌ఓకు బదులు మూడు పెట్టి, వాటికి 7, 11, 13 సెకన్ల చొప్పున ఆవృత్తి ఇచ్చాను. ఈ మూడు సంఖ్యలకూ ఉమ్మడి భాజకం లేదు కనుక, మూడూ మొదలైన స్థితికి తిరిగి రావాలంటే వాటి లబ్ధమైన 1001 సెకన్లు, అంటే 16 నిమిషాల 41 సెకన్లు పడుతుంది. పదకొండు నిమిషాల చిత్రంలో ఏ రెండు పొంగులూ ఒకేలా ఉండవన్న మాట.

ఈ అనుభవం నాకు చాలాకాలంగా మసకగా తెలిసిన ఒక సంగతిని స్పష్టం చేసింది. శబ్దానికి ప్రాణం దాని లోపలి చలనంలో ఉంటుంది. చిన్నప్పుడు నేను నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. విజయనగరం సంగీత కళాశాల సంప్రదాయంలో పెరిగిన మా మాస్టారు పాఠం మొదలుపెట్టే ముందు షడ్జం ఒక్కటే పట్టించి, కమాను ఆ చివరి నుంచి ఈ చివరికి లాగిస్తూ పది నిమిషాలు కూర్చోబెట్టేవారు. అప్పుడు విసుగ్గా ఉండేది. నిలకడగా ఉన్నట్టు తోచే ఆ ఒక్క స్వరంలో కమాను ఒత్తిడి, వేగం, తీగ మీద వేలి మెత్తదనం నిమిషానికి నూరుసార్లు మారుతుంటాయని ఇప్పుడు అర్థమవుతోంది. వయొలిన్ మీద ఆ మార్పులు మన ప్రమేయం లేకుండానే జరిగిపోతాయి. సింథసైజర్ మీట నొక్కితే తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్ అనే భాగం నుంచి వచ్చే రంపపు పళ్ల ఆకారపు తరంగం మొదటి సెకనులో ఎలా ఉంటుందో వందో సెకనులోనూ అలాగే ఉంటుంది. ఆ మార్పును మనమే తెచ్చి పెట్టాలి. అందుకే ఈ వాద్యం మీద నాకు ఇంత గౌరవం. శబ్దంలో ప్రాణం ఎక్కడుందో ఇది మన చేత వెతికిస్తుంది.

సినిమా సంగీతంలో ఎలక్ట్రానిక్ వాద్యాలు మనసుకు పట్టిన సందర్భాలను తలచుకుంటే, ప్రతిచోటా ఈ చలనమే కనిపిస్తుంది. 1954 నాటి హిందీ చిత్రం 'నాగిన్'లో దేశమంతా నాగస్వరమనుకున్న ఆ బూర ధ్వని నిజానికి క్లావియోలిన్ అనే చిన్న విద్యుత్ వాద్యం మీద కల్యాణ్‌జీ వాయించినది. హేమంత్ కుమార్ సంగీతంలో ఆ స్వరం మెలికలు తిరుగుతూ కంపించకపోతే అందులో పాము ఉండేదే కాదు. 1982లో 'బ్లేడ్ రన్నర్' చిత్రానికి వాంగెలిస్ వాడిన యమహా సీఎస్-80 దాదాపు 100 కిలోల బరువున్న వాద్యం. దాని గొప్పదనమంతా మీటల్లో ఉంది. ఒక మీటను నొక్కి పట్టుకుని ఇంకాస్త ఒత్తితే ఆ ఒక్క స్వరమే విప్పారుతుంది, పక్క వేలి కింది స్వరం అలాగే ఉండిపోతుంది. ఒక్కొక్క వేలికీ వేరే ఊపిరి అందించగల అటువంటి మీటలు ఆ తరువాత చాలా ఏళ్లు ఏ కొద్ది వాద్యాలకో తప్ప దక్కలేదు. ఆ చిత్రంలోని ఇత్తడి వాద్యాల వంటి స్వరాలు నిట్టూర్చినట్టు వినిపించడానికి కారణం ఆ వేలి ఒత్తిడేనని నేను నమ్ముతాను.

అమెరికా సంగీతకర్త జాన్ చౌనింగ్ కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన కంప్యూటర్ మీద ఒక స్వరానికి కంపితం జోడించి పరీక్షిస్తున్నారు. ఆ కంపితం వేగాన్ని పెంచుకుంటూ పోగా, ఒక దశ దాటిన తరువాత చెవికి ఊగడం వినబడటం మానేసింది. దాని స్థానంలో గంటనో ఇత్తడినో పోలిన సరికొత్త నాదం పుట్టింది. ఊపు, ఊపుగా గుర్తించలేనంత వేగం అందుకుని, రంగుగా మారిపోయింది. మన సంగీతంలో గమకమూ నాదగుణమూ రెండు వేర్వేరు విషయాలని అనుకుంటాము. ఆ రెండింటి మధ్య ఉన్నది వేగంలో తేడా మాత్రమేనని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సూత్రాన్నే యమహా సంస్థ తీసుకుని 1983లో డీఎక్స్7 అనే సింథసైజర్‌గా విడుదల చేసింది. మీటను మెల్లగా తాకితే మెత్తగానూ, గట్టిగా కొడితే గాజు పగిలినట్టుగానూ పలికే దాని ఎలక్ట్రిక్ పియానో నాదం ఆ దశాబ్దపు మన సినిమా పాటల్లో విరివిగా వినిపిస్తుంది. మా చిన్నప్పుడు పూర్ణా మార్కెట్ దగ్గర క్యాసెట్ల దుకాణం ముందు నిలబడి ఆ నాదం ఏ వాద్యానిదో తెలియకుండానే గంటల తరబడి విన్నాము.

వేర్వేరు సంస్థల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ప్రమాణం కూడా ఆ 1983లోనే వచ్చింది. దాని వెనుకే కంప్యూటర్ సీక్వెన్సింగ్, అంటే స్వరాలనూ దెబ్బలనూ కంప్యూటర్‌లో ముందే రాసిపెట్టి వాద్యాల చేత పలికించే పద్ధతి, మన సినిమాల్లోకి ప్రవేశించింది. ఇళయరాజా గారు 1986లో 'పున్నగై మన్నన్' చిత్రానికి దాన్ని వాడారు. ఈ పద్ధతిలో సంగీతం రూపొందిన తొలి భారతీయ చిత్రాల్లో అదొకటి. తెలుగులో రాజ్-కోటి ద్వయం కీబోర్డులనూ లయ యంత్రాలనూ పాటకు వెన్నెముకగా చేసుకున్నారు. ఆ ద్వయంలోని కోటి గారు మన సాలూరు రాజేశ్వరరావు గారి కుమారుడు కావడం, వారి దగ్గర కీబోర్డు వాయించిన యువకుడే తరువాత 1992లో 'రోజా'తో ఎ.ఆర్. రెహమాన్‌గా దేశానికి పరిచయం కావడం ఉత్తరాంధ్ర వాడిగా నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే సంగతులు. సీక్వెన్సర్ వల్ల సంగీతం యాంత్రికమైపోయిందని పెద్దలు కొందరు బాధపడతారు. దెబ్బలన్నీ ఒకే కొలతలో, ఒకే బలంతో పడేలా వదిలేసిన పాటల విషయంలో వారి బాధ న్యాయమైనదే.

అయితే బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ 1982లో చేసిన పనిని కూడా వారు వినాలని నా కోరిక. ఆయన రోలాండ్ సంస్థ తయారుచేసిన టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 అనే మూడు వాద్యాలతో పది రాగాలను డిస్కో లయ మీద నడిపి ఒక రికార్డు వెలువరించారు. గిటారు వాద్యకారులకు తోడుగా బేస్ వాయించడం కోసం 1981లో వచ్చిన ఆ టీబీ-303లో ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే స్లైడ్ అనే సదుపాయం ఉంది. మన భాషలో అది జారు గమకం. రాగం తెలిసిన మనిషి చేతిలో పడగానే ఆ పెట్టె పాడటం మొదలుపెట్టింది. అదే యంత్రంతో 1987లో షికాగో యువకులు యాసిడ్ హౌస్ అనే కొత్త నృత్య సంగీతానికి బాట వేసిన తరువాత గాని, ఆయన అయిదేళ్ల ముందే చేసిన పని ఎంతటిదో లోకం గుర్తించలేదు.

నా సొంత ట్రాకుల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది తోడి రాగంతో. తోడిలోని గాంధారాన్ని కదలకుండా నిలబెడితే అది తోడి కాదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉండాలి. కీబోర్డు మీద ఆ గాంధారానికి ఒక నల్ల మీట ఉంది, దానికి ఒకటే స్థానం. మిడిలో పిచ్ బెండ్ అనే చక్రంతో స్వరాన్ని వంచవచ్చు. అది 16,384 మెట్లుగా విభజించి ఉంటుంది కనుక నునుపుకు లోటు లేదు. మామూలుగా పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాల దూరమే వంగుతుంది గాని, దాన్ని పెంచుకోవచ్చు. అసలు చిక్కు మరొకచోట ఉంది. చక్రం తిప్పితే ఆ ఛానెల్‌లో, అంటే మిడి సందేశాలు వెళ్లే ఆ ఒక్క దారిలో, మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి, కింద పట్టిన షడ్జంతో సహా. శ్రుతి ఊగితే రాగం ఏముంటుంది? నేను శ్రుతినీ రాగాన్నీ రెండు వేర్వేరు ఛానెళ్లలో పెట్టి, ఊపును చక్రంతో కాక కంప్యూటర్ తెర మీద గీతగా చేత్తో గీశాను. మొదటిసారి సమానమైన అలలుగా గీస్తే అంబులెన్స్ మోత లాగా వచ్చింది. మా మాస్టారి పాత క్యాసెట్ ఒకటి వేగం తగ్గించి విని, ఊపు పైన మధ్యమం దగ్గర ఎక్కువసేపు ఆగి, కిందికి చటుక్కున వచ్చి, ఆగకుండా మళ్లీ లేస్తుందని గమనించి, ఆ ఆకారాన్ని గీసిన తరువాత రాగం ముఖం కనబడింది. నాలుగు నిమిషాల ఆలాపనకు పదిహేడు రోజులు పట్టింది. 2018లో ప్రమాణంగా అంగీకారం పొందిన ఎంపీఈ పద్ధతిలో ప్రతి స్వరానికీ దాని సొంత ఛానెల్ ఉంటుంది. అటువంటి కీబోర్డు కొనుక్కోగలిగిన పిల్లలకు ఈ శ్రమ చాలా మటుకు తప్పుతుంది.

శ్రుతి విషయంలో ఇంకొక మాట చెప్పాలి. 110 హెర్ట్‌జ్‌లో షడ్జం పట్టి, దాని మీద కీబోర్డులో ఉన్నట్టే అంతర గాంధారం మోగిస్తే, షడ్జంలోని ఐదవ అనుస్వరం, అంటే దాని వెంట దానంతటదే మోగే ఐదు రెట్ల పౌనఃపున్యపు పై స్వరం, 550 దగ్గరా, గాంధారంలోని నాలుగవది సుమారు 554 దగ్గరా నిలిచి, సెకనుకు నాలుగుసార్లకు పైగా ఒకదానితో ఒకటి రాపిడి పడతాయి. తంబురా వింటూ పెరిగిన చెవికి ఆ రాపిడి ముల్లులా తగులుతుంది. గాంధారాన్ని 14 సెంట్లు (సెంటంటే అర్ధస్వరంలో నూరో వంతు) దించితే గది నిశ్శబ్దమైనట్టు ఉంటుంది. దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్ సింథసైజర్లలోనూ శ్రుతి సవరించుకునే వీలుంది. మనవాళ్లు దాన్ని వాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మళ్లీ లఘుచిత్రం సంగతికి వస్తాను. మా ఇల్లు వన్‌టౌన్‌లో కోటవీధికి దగ్గర. రాత్రివేళ రేవులోకి వచ్చే ఓడల కూత డాబా మీదికి వినిపిస్తుంది. ఓడ ఎంత పెద్దదైతే కూత అంత మంద్రంగా ఉండాలని అంతర్జాతీయ సముద్రయాన నిబంధనలే చెబుతాయి. 200 మీటర్లు, అంతకు మించి పొడవున్న ఓడల కూత 70 నుంచి 200 హెర్ట్‌జ్ మధ్యా, 75 మీటర్ల లోపు వాటిది 250 నుంచి 700 మధ్యా ఉండాలి. చిత్రంలో పెద్దావిడ రాత్రి ఒంటరిగా గుమ్మంలో కూర్చున్న దృశ్యానికి సంగీతమంతా తీసేసి, దూరాన ఒక్క ఓడ కూత పెట్టాలనుకున్నాము. 110 హెర్ట్‌జ్ దగ్గర ఒక రంపపు తరంగం, 110.5 దగ్గర మరొకటి కలిపితే రెండు సెకన్లకొకసారి శబ్దం దానంతటదే పొంగి తగ్గుతుంది. ఆరంభంలో స్వరం కొద్దిగా కిందనుంచి లేచి స్థిరపడేలా, ఫిల్టర్ ఆలస్యంగా తెరుచుకునేలా చేశాను. డాల్ఫిన్స్ నోస్ కొండ నుంచి వచ్చే ప్రతిధ్వనిని కూడా జోడించాను. తిరిగి వచ్చే ధ్వనిలో పైస్థాయి పౌనఃపున్యాలను తగ్గించిన తరువాతే అది కొండ నుంచి వచ్చినట్టు తోచింది. చిత్రం మొత్తంలో నాకు పూర్తి తృప్తి కలిగించిన శబ్దం అదొక్కటే.

రీరికార్డింగ్‌లో లెక్కల పని కూడా చాలా ఉంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. నిమిషానికి 120 దెబ్బల లయలో ఒక్కొక్క దెబ్బ సరిగ్గా 12 ఫ్రేములు. మా చిత్రంలో చేపల బుట్ట నేలమీద దించే షాట్ ఆ సంగీత ఖండం మొదలైన 37వ సెకనులో వస్తుంది. నేను అనుకున్న 100 దెబ్బల లయలో ఆ క్షణం రెండు దెబ్బల మధ్య పడుతోంది. లయను 100.54కు జరిపితే 62 దెబ్బలు పూర్తయ్యే చోట సరిగ్గా బుట్ట నేల తాకింది. ఆ తేడా ఏ శ్రోతకూ వినబడదు, కాని కంటికీ చెవికీ మధ్య ఉన్న చిన్న ఇబ్బంది పోతుంది. అంత చక్కగా అమిరిన తరువాత దర్శకుడు, "బాగుంది రా, కానీ మనం ఆవిడ చేత నాట్యం చేయిస్తున్నట్టుంది" అన్నాడు. నాకు మనసు కష్టమైనా, మరొకసారి చూశాక లయనంతా తీసేసి, బుట్ట దించిన చప్పుడు మాత్రమే ఉంచాను.

పరికరాల గురించి అడిగేవారికి నేను ఎక్కువ చెప్పను. సర్జ్ ఎక్స్‌టీ, డీఎక్స్7 పనితీరును అనుకరించే డెక్సెడ్, ఈ రెండు సాఫ్ట్‌వేర్ సింథసైజర్లూ ఉచితంగా దొరుకుతాయి. ఒక మామూలు లాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. అసలు వాద్యాలు కొనుక్కునేవారు ఈ ఊళ్లో ఒక జాగ్రత్త తీసుకోవాలి. సముద్రపు ఉప్పుగాలి గుండీల లోపలి లోహాన్ని తినేస్తుంది. నేను కొన్న పాత కీబోర్డు రెండో వర్షాకాలానికే ఫిల్టర్ గుండీ తిప్పినప్పుడల్లా గరగరమనడం మొదలుపెట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బాగుచేశాను. అప్పటి నుంచి వాయించనప్పుడు గుడ్డ కప్పి, దానికింద సిలికా జెల్ పొట్లాలు ఉంచుతున్నాను.

కొత్త అలలతో, కొత్త కూతతో, తగ్గించిన సంగీతంతో చిత్రాన్ని సంక్రాంతి వెళ్లిన తరువాత మళ్లీ ఆ పెద్దావిడకు చూపించాము. పడవల దృశ్యం దగ్గర నేను తెరవైపు చూడలేదు, ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఈసారి సంద్రం గురించి ఏమీ అనలేదు. దృశ్యం అయిపోయాక మాత్రం, "మరి బోటింజను ఏదీ బాబూ? ఇంజను సప్పుడు రాకుండా బోటెలాగొస్తాది? ఆ సప్పుడు బట్టే కదా ఎవుల బోటొచ్చిందో మాకు తెలిసేది" అన్నారు.

ఇప్పుడు ఆ డీజిల్ ఇంజను మీద పనిచేస్తున్నాను. హార్బర్‌కు మూడు తెల్లవారుజాములు వెళ్లి విన్నాను. రేవు మొగ దాటగానే వేగం తగ్గించినప్పుడు ఆ దుబదుబలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటంత దూరం జరుగుతాయి, నడుమ ఎక్కడో ఒక దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతుంది. ఒక్కొక్క బోటుకు ఆ ఆలస్యం ఒక్కొక్క చోట ఉంది.